పిల్లి పసిగట్టని పొట్లం

ఫోను అడిగిన మొదటి ప్రశ్న:
మీ వ్యాపారం పేరు?
గంపకి పేరేముంటుంది.
నెత్తిన ఉన్నంతసేపూ నాది,
దించితే కొన్నవాళ్లది.

ఏదో ఒకటి రాయకపోతే ముందుకెళ్లనివ్వదు.
అత్త పేరు రాశాను. పల్లాలమ్మ.
పక్కనే కూచుని ఎండురొయ్యల తలలు గిల్లుతోంది,
"నా పేరెందుకే, అప్పులోళ్లు గాని చూత్తారా?" అంది.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే
నడిగోదారిలోనే నాలుగు గీతలూ నిండుతాయి.
ఈ గట్టు టవరూ ఆ గట్టు టవరూ
పోటీపడే వియ్యంకుల్లా నన్నే పిలుస్తాయి.
నర్సాపురం ఒడ్డు తగిలేదాకా
ఆ కాసేపే
నా కొట్టు తెరిచి ఉంటుంది.

మొదటి ఫొటోలో రొయ్యలకన్నా నా నీడ పెద్దది.
రెండోదాంట్లో, వెనక దండెం మీద, మావాడి చెడ్డీ.
మూడోసారి పెళ్లినాటి తెల్లచీర పరిచి పోశాను.
రంగు వచ్చింది, వంపు వచ్చింది, మీసం కూడా వచ్చింది.
వాసనే రాలేదు.
ముప్పైయేళ్లు కేక వెయ్యక్కర్లేకుండా
అత్తకి బేరాలు తెచ్చిన వాసన
అద్దానికి ఇవతలే ఆగిపోయింది.

ఫొటోలోకి రానిది
కొరియర్ ఆఫీసులోకి మాత్రం నాకంటే ముందే వెళ్లింది.
కుర్రాడు ముక్కు మూసుకున్నాడు గానీ మర్యాద విడవలేదు.
"పక్కన పెళ్లిపత్రికలు ఉన్నాయండి మేడం" అన్నాడు.
నన్ను మేడం అన్న మొదటి మనిషి.
తిప్పి పంపిందీ అతనే.

తిరుగు పంటులో లెక్కేశాను.
కవర్లు నూట అరవై, స్టిక్కర్లు తొంభై,
రానూపోనూ రేవు ఖర్చు.
అమ్మకం సున్నా.
వలకన్నులా ఉంది ఆ సున్నా,
నేను కూడా జారిపోయేంత.

మా వీధిలో ఒక పిల్లి ఉంది.
అది ఎవరిదీ కాదు, అందరి చేపలూ దానివే.
ఆ రాత్రే దాన్ని పనిలో పెట్టుకున్నాను.
జీతం, గిల్లిన తలలు.

ఒంటిపొర కవరు. తెల్లారేసరికి గుమ్మంలో నాలుగు తోకలు.
రెండు పొరలు, కొవ్వొత్తితో అతికించి. అడ్డంగా చీరేసింది.
వెండిరంగు కవరు, ఇస్త్రీపెట్టెతో మూతి కాల్చి:
చుట్టూ తిరిగింది, కూచుంది, ఆలోచించింది,
చీరింది.
ఆలోచించిందంటే చాలు,
దారిలో పడ్డట్టే.

తొమ్మిదో రాత్రి
పొట్లం మీదే కాలేసి దాటుకుని
అత్త అన్నం గిన్నెవైపు పోయింది.
నేను ఎగిరి గంతేస్తే
"దాని ముక్కు గాని పాడైందేమో చూడు" అంది అత్త.
విప్పి చూపించాం.
ముక్కు బాగానే ఉంది.

ఆర్డరొచ్చింది, నడిగోదారిలో.
షాహీన్ గారట, నిర్మల్ అట, పావుకేజీ.
చుట్టం కాదు, మా రేవు మనిషి కాదు,
నా మొహం చూసి జాలిపడే వీలే లేదు.
చిరునామా రెండుసార్లు పైకి చదివాను.
పక్కన మోటారుసైకిలు పట్టుకు నిలబడ్డాయన
తనకేదో చెబుతున్నాననుకుని
తలూపాడు.

వారానికి రెండు చుక్కలొచ్చాయి, అయిదింటికి.
"రుచి బాగుంది. అడుగున ఇసక."

అత్తకి చదివి వినిపించాను.
"ఎదురుగా అనుంటే ఊదిచ్చేదాన్ని" అంది.
ఇంకేమీ అనలేదు.
అన్నం తిన్నాక కూడా అనలేదు.

పొద్దున్న లేచేసరికి
నాలుగు సరుగుడు గుంజలు పాతి ఉన్నాయి,
నడుమెత్తున బిగించిన పాత సన్నకన్ను వల.
ముప్పైయేళ్లు ఇసకమీదే ఆరబోసిన చేతులు
గాల్లో రొయ్యలు పరుస్తున్నాయి.
చేయి చాచిన ప్రతిసారీ
అంత ఎత్తు అలవాటు లేక
భుజం పట్టుకుంటోంది.

కింద నీడలో పిల్లి.
వలకన్నుల్లోంచి
అందని ఎరుపుని చూస్తోంది.

పంటు కూతేసింది.
కవర్ల సంచీ చంకనేసుకున్నాను.
కొట్టు తెరవాలి.